ఒకట్ల స్థానం

మిర్యాలగూడ మిల్లుల
నా మొదటి పని బస్తాలు లెక్కపెట్టుడు.
చేతిల సుద్దముక్క, చెవుల నిండా తవుడు.
నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత,
మళ్ళ నాలుగు.
ఇంటర్ల శ్రేఢులు చదివినదాన్నే.
తొంభై దాటినంక ఎవరో
"అక్కా, కాటా కాడ ఎవరున్నరు?" అన్నరు.
తొంభై రెండా, తొంభై మూడా?
మళ్ళ ఒకటి నుంచి.

జానయ్య మేస్త్రి నెట్టు పక్కన కూసున్నడు
ముట్టియ్యని బీడీ పెదాల మధ్య పెట్టుకొని.
మిల్లుల ముట్టియ్యొద్దు.
ముప్పై ఏండ్ల సంది ముట్టియ్యలే, తియ్యనూ లేదు.
"బిడ్డా, బస్తాలు లెక్కవెట్టకు.
నెట్టును చూడు."

చూసిన.
అడుగున పదహారు, దాని మీద పదిహేను,
వరుసకొకటి తగ్గుకుంట
రేకులకు తల తాకే కాడ ఒక్కటే ఒక్కటి.

"ఆ పైనోడు ఒంటరోడు. కిందోళ్ళు పదహారు మంది. కలుపు."
పదిహేడు.
"పైనుంచి రెండో వరుస, కిందికెల్లి రెండో వరుస."
రెండూ పదిహేనూ. పదిహేడే.
మూడూ పద్నాలుగూ అనబోయి
నవ్వొచ్చి ఆగిన.
పైనుంచి దిగేటోడు ఒకటి కూడబెట్టుకుంటడు,
కిందికెల్లి ఎక్కేటోడు ఒకటి పోగొట్టుకుంటడు,
ఇద్దరి మూట ఎప్పుడూ అంతే బరువు.
ఎనిమిది జోళ్ళు.
ఎనిమిది పదులు ఎనభై, ఏడెనిమిదులు యాభైయారు,
నూట ముప్పై ఆరు.
బీడీ నోట్ల ఈ మూల నుంచి ఆ మూలకు జరిగే లోపల
అయిపోయింది.

ఈ లెక్క నాకు ఎరుకే.
బోర్డు మీద ఐదు మార్కులకు వచ్చింది.
గోనె వాసన ఉంటదని మాత్రం ఏ సారూ చెప్పలే.

డిండి రోడ్డు మీద వాళ్ళమ్మ సీతాఫలాలు అమ్మేదంట.
పుంజీడు, పుంజీడు, కుప్పకు ఇన్ని.
బస్సు ఆగేది రెండు నిమిషాలు,
లెక్కవెట్టుకుంట కూసుంటే హారన్ కొడ్తడు.
కుప్ప రూపు యాది పెట్టుకునేది.
రూపు వంకరైతే
ఎన్ని పోయినయో, ఏ దిక్కు నుంచి పోయినయో
ఆమెకు తెలిసేది.

గప్పటికెల్లి నా కండ్లు ఊకుంటలేవు.
పాలు లీటరు యాభై తొమ్మిది, వారం లెక్క:
ఏడు అరవైలు నాలుగొందల ఇరవై, ఏడు తీసెయ్యి.
పాలాయన ఇంకా వేళ్ళ మీదనే ఉంటడు.
అమ్మ వాకిట్ల చుక్కలు పెడ్తుంటది,
ఏడు, ఐదు, మూడు, ఒకటి,
గీత గియ్యకముందే నాకు
నాలుగు నాలుగుల పదహారు కనిపిస్తది.

ఆ కండ్లతోనే
ఒక శనివారం కూలి రిజిస్టరు తెరిచిన.
నూట ముప్పై. రెండొందల పది. తొంభై. నూట డెబ్బై.
వేలు పెట్టి కిందికి జరిపిన.
ఇరవై ఆరు దినాలు,
ఒకట్ల స్థానంల ఇరవై ఆరు సున్నలు.
వడ్లకు పదుల మీద ఇంత ప్రేమ ఎందుకుంటది?
ఒకనాడు మూడు, ఒకనాడు ఎనిమిది
మెడల మీద ఎక్కినయి, లారీల పోయినయి,
పుస్తకంలకు మాత్రం రాలే.

"నీకు తెలుసా తాతా?"
బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నడు. మొదటిసారి.
"ఒకటీ తొమ్మిదీ పది. రెండూ ఎనిమిదీ పది.
మూడూ ఏడూ, నాలుగూ ఆరూ.
నడుమ ఐదు ఒంటరిది.
పది దినాలకు నలభై ఐదు బస్తాలు, అటూ ఇటుగ.
ముప్పై ఏండ్లకు ఎంతనో
అది మాత్రం ఎన్నడూ చెయ్యలే బిడ్డా.
చెయ్యరాక కాదు."

సోమవారం.
అదే నెట్టు రూపు, అదే పదహారు అడుగున.
నూట ముప్పై రాసి
కలం ఎత్తలే.
సున్నను తీసేసి దాని మీద దిద్దిన.
సున్నల బారు కింద అది ఒక్కతే,
కొంచెం వంగి, మూట ఎత్తుకున్నట్టు.

సేటు అద్దాలు నొసటి మీదికి జరిపిండు.
"ఇదేంది?"

"ఆరు" అన్న.